నోటిదాకా వచ్చిన జవాబు



ముందుగా మూడు ప్రశ్నలు. కాగితం, పెన్ను అందుబాటులో ఉంటే తీసుకోండి. లేకపోతే పాత క్యాలెండర్ వెనక రాసుకున్నా ఫర్వాలేదు. ఫోన్ మాత్రం బోర్లించి పెట్టండి.

మొదటి ప్రశ్న. మన దేశం గురించి 2013 నాటి క్విజ్ పుస్తకాల్లో ఉన్న ఒక జవాబు, 2014లో తప్పయింది. 2019లో, ఎవరూ దిద్దకుండానే, అదే జవాబు మళ్లీ ఒప్పయింది. ఏమిటది?

రెండో ప్రశ్న. ఇంగ్లిష్‌లో 'క్విజ్' అనే మాట ఎలా పుట్టింది?

మూడోది టై బ్రేకర్. సరిగ్గా చెప్పక్కర్లేదు, దగ్గరగా వస్తే చాలు. 2020 ఏప్రిల్ 30న ఇంగ్లండ్‌లో ఒక మామూలు మనిషి ఇంట్లో కూర్చుని నడిపిన పబ్ క్విజ్‌ను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా ఎంతమంది చూశారు?

జవాబులు దారిలో వస్తాయి. ఈలోగా లండన్ వెళ్లొద్దాం.

లండన్‌లో నలుగురు తెలుగు స్నేహితులు ఉన్నారనుకుందాం. ఒకరి ఇల్లు ఈస్ట్‌హామ్‌లో, ఇంకొకరిది హౌన్‌స్లోలో. ఊరికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. వారానికో పబ్ చొప్పున ఊళ్లోని క్విజ్‌లన్నీ చుట్టి రావాలని పందెం వేసుకున్నారు. ఒకడికి క్రికెట్ స్కోర్లు కంఠతా. ఒకామెకు ఏ దేశం జెండా చూపించినా పేరు చెప్పగల నేర్పు. ఇంకొకడు సినిమా పిచ్చోడు. నాలుగో ఆమె ఆస్పత్రిలో ఉద్యోగి. తనకేమీ తెలియదని, కేవలం చిప్స్ కోసం వస్తున్నానని ముందే చెప్పేసింది.

జట్టుకో పేరుండాలి. అక్కడ పేరులో చమత్కారం ఉండడం ఆనవాయితీ. అగాథా క్రిస్టీని విరిచి 'అగాథా క్విజ్టీ' అని పెట్టుకునే జట్టు ఏ పబ్బులోనైనా ఒకటి తగులుతుంది. మనవాళ్లు బాగా ఆలోచించి 'మాకు తెలీదు' అని రాసిచ్చారు. మైకు పట్టుకున్న పెద్దమనిషి అర్థం తెలియకుండానే కూడబలుక్కుంటూ చదివాడు: "మాకూ... టెలీడూ... జట్టుకు ఏడు మార్కులు." నలుగురూ టేబుల్ మీద పడి నవ్వారు. పక్క టేబుల్ వాళ్లకు ఎందుకో అర్థం కాలేదు.

పబ్ అనగానే మనకు హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో చెవులు చిల్లులు పడే డీజే గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లో పబ్ అంటే పబ్లిక్ హౌస్. పేటకో రచ్చబండ లాంటిది. ముసలివాళ్లు కుక్కను వెంటబెట్టుకుని వస్తారు. ఆదివారం మధ్యాహ్నం పిల్లాపాపలతో భోజనానికి వస్తారు. మద్యం ముట్టనివాళ్లు నిమ్మరసమో, కోలానో తెచ్చుకుని కూర్చుంటే ఎవరూ వింతగా చూడరు.

క్విజ్ తంతు కూడా తేలికే. తలకు ఒకటో రెండో పౌండ్లు ఇచ్చి జవాబుల కాగితం తీసుకోవాలి. చాలాచోట్ల జట్టుకు ఆరుగురికి మించకూడదు. కాగితంతో పాటు బొమ్మల షీటు ఒకటి ఇస్తారు. ప్రముఖుల ముఖాలో, సగం చెరిపేసిన కంపెనీ గుర్తులో ఉంటాయి, పేర్లు రాయాలి. తర్వాత రౌండుకు పది ప్రశ్నల చొప్పున సాగుతుంది: వార్తలు, చరిత్ర, ఆటలు, పాటలు. పాటల రౌండులో కొన్ని సెకన్ల సంగీతం వినిపించి ఆపేస్తారు. కొన్ని పబ్బుల్లో 'జోకర్' ఉంటుంది. తమకు గట్టి పట్టున్న రౌండు మీద దాన్ని వాడితే మార్కులు రెట్టింపు. రౌండు కాగానే కాగితాలు పక్క టేబుల్‌తో మార్చుకుని దిద్దాలి. బడిలో పలకలు మార్చుకుని దిద్దుకున్నట్టే. 'ఇది సగం ఒప్పు కదండీ' అని బతిమాలడం కూడా బడిలో లాగే. గెలిస్తే ప్రవేశ రుసుము మూట, లేదా ఆ రాత్రి బిల్లులో మినహాయింపు, లేదా ఒక సీసా.

ఇంత ఉత్సాహం వెనక ఉన్నది అచ్చంగా వ్యాపారం.

బ్రిటన్‌లో క్విజ్ పిచ్చి పాతదే. దాన్ని ఇంటింటికీ తెచ్చింది రేడియోనే. బీబీసీలో 'రౌండ్ బ్రిటన్ క్విజ్' 1947లో మొదలైంది. 1962లో టీవీలో 'యూనివర్సిటీ ఛాలెంజ్' వచ్చింది. 1972లో 'మాస్టర్‌మైండ్' వచ్చింది. చీకట్లో ఒక నల్ల కుర్చీ, దానిమీద ఒంటరిగా ఒక మనిషి, ఎదురుగా ప్రశ్నలు. దాని రూపకర్త బిల్ రైట్ రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువులకు చిక్కి విచారణలు ఎదుర్కొన్నవాడు. ఆ అనుభవం నుంచే ఆ కుర్చీ పుట్టింది. పబ్బుల్లోనూ అక్కడక్కడా క్విజ్ లీగులు నడుస్తుండేవి. కానీ వారంలో ఫలానా రాత్రి, దేశంలో ఏ పేటకు వెళ్లినా క్విజ్ దొరుకుతుందన్న పరిస్థితి రావడానికి ఇద్దరు కారణం: షారన్ బర్న్స్, టామ్ పోర్టర్.

1976లో వాళ్లు గమనించినది చాలా చిన్న సంగతి. శుక్ర, శనివారాల్లో పబ్బులో నిలబడడానికి చోటుండదు. ఆదివారం రాత్రో, వారం మధ్యలోనో కుర్చీలు ఖాళీ. ఆ ఖాళీ కుర్చీలు నింపాలంటే జనం రావడానికి ఒక సాకు కావాలి. దక్షిణ ఇంగ్లండ్‌లో 32 జట్లతో, మూడు లీగులతో మొదలుపెట్టారు. ప్రశ్నలు వాళ్లు తయారుచేసి పంపేవారు, పబ్బు యజమాని మైకు పట్టుకుంటే చాలు. అది పెరిగి పెరిగి వారానికి పది వేల జట్లు వాళ్ల ప్రశ్నలకు జవాబులు రాసే స్థాయికి చేరింది. క్విజ్‌లు ఈనాటికీ ఎక్కువగా సోమ, మంగళ, బుధవారాల్లోనే ఉండడానికి కారణం ఇదే. 2000లో బ్రిటన్‌లో 60 వేలకు పైగా పబ్బులుండేవి. ఇప్పుడు దాదాపు 45 వేలే మిగిలాయి. బేరం సన్నగిల్లిన కొద్దీ మంగళవారం రాత్రి వచ్చే ఆ పది టేబుళ్లే యజమానికి కొండంత అండ.

మన జట్టు దగ్గరికి వద్దాం. రెండో వారం, రెండో పబ్బు. భూగోళం రౌండు. ప్రశ్న: కజకిస్తాన్ రాజధాని ఏది?

"అస్తానా. రాయి, రాసెయ్యి," అన్నాడు క్రికెట్ వాడు.

"కాదురా, పేరు మార్చారు. నూర్‌సుల్తాన్," అన్నాడు సినిమా వాడు.

జెండాల ఆమె పెన్ను లాక్కుంది. "మార్చారు, నిజమే. మళ్లీ వెనక్కి మార్చారు. అస్తానానే."

ముగ్గురూ ఒక్కో కాలంలో ఒప్పే. 2019 మార్చిలో ఆ నగరానికి మాజీ అధ్యక్షుడి పేరు పెట్టారు. 2022లో తీసేసి పాత పేరే ఉంచారు. మధ్యలో అచ్చయిన ప్రశ్నల కట్ట ఏదైనా మైకు ముందు ఉంటే ఒప్పు రాసినవాళ్లకు సున్నా పడుతుంది. అప్పుడు పబ్బు క్విజ్‌లలో అలిఖిత శాసనం ఒకటి బయటికొస్తుంది: క్విజ్ మాస్టర్ మాటే ఫైనల్. ఆయన తప్పు చెప్పినా సరే.

జ్ఞానానికీ పాల ప్యాకెట్‌లాగే గడువు తేదీ ఉంటుందని క్విజ్ ఆడేవాళ్లకు త్వరగా తెలిసొస్తుంది. ఏ గ్రహానికి చంద్రులు ఎక్కువ? 2023 ఫిబ్రవరిలో గురు గ్రహం ముందుంది. మే నెల వచ్చేసరికి శని ఆ స్థానాన్ని లాక్కుంది. 2025 మార్చిలో ఇంకో 128 చంద్రులు లెక్కలోకి వచ్చి శని చుట్టూ 274 అయ్యాయి. పాత కాగితం చదివే క్విజ్ మాస్టర్‌కు ఆకాశం కూడా సహకరించదు.

అంత దూరం ఎందుకు? ఆంధ్రప్రదేశ్ రాజధాని ఏది అని ఎవరైనా అడిగారనుకోండి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు హైదరాబాద్ పదేళ్ల వరకు ఉమ్మడి రాజధాని అన్నారు. 2015 విజయదశమి నాడు అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2020లో మూడు రాజధానుల చట్టం వచ్చింది. 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు ముగిసింది. ఈ ప్రశ్నను కాగితం మీద పెట్టే సాహసం చేసే క్విజ్ మాస్టర్ ముందు తేదీ వేసుకోవాలి.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. భారతదేశంలో రాష్ట్రాలు ఎన్ని? 2000 నవంబరు నుంచి 28. తెలంగాణ ఏర్పడ్డాక 29. 2019 అక్టోబరు 31న జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతాలుగా మారాక మళ్లీ 28. 2013 నాటి పుస్తకం అటకమీద దుమ్ము పట్టి ఉండగానే దాని తప్పు దానంతటదే సర్దుకుంది.

ఇన్ని ప్రశ్నలు ఎక్కడి నుంచి వస్తాయి? ఒకప్పుడు పుస్తకాల నుంచే. 1974లో అమెరికాలో ఫ్రెడ్ వర్త్ అనే ఆయన 'ట్రివియా ఎన్‌సైక్లోపీడియా' అని ఒక పుస్తకం వేశాడు. కష్టపడి ఏరుకొచ్చిన విషయాలను ఎవరైనా ఊరికే ఎత్తుకుపోతే ఎలా పట్టుకోవాలి? ఒక ఎర వేశాడు. 'కొలంబో' అని టీవీలో ఒక డిటెక్టివ్ ఉండేవాడు. నలిగిన కోటు, చేతిలో చుట్ట. ఆయన ఇంటిపేరు తప్ప అసలు పేరు ఎవరూ పలకరు. వర్త్ ఆ పేరు 'ఫిలిప్' అని సొంతంగా కల్పించి రాసిపెట్టాడు.

అయిదేళ్ల తర్వాత, 1979 డిసెంబరు 15న, కెనడాలోని మాంట్రియల్‌లో ఇద్దరు పత్రికా ఉద్యోగులు స్క్రాబుల్ ఆడదామని కూర్చున్నారు. చూస్తే పెట్టెలో కొన్ని బిళ్లలు లేవు. ఆ విసుగులోంచి 'ట్రివియల్ పర్స్యూట్' అనే బోర్డు ఆట పుట్టింది. ఆ ఇద్దరు క్రిస్ హేనీ, స్కాట్ అబాట్. 1984లో ఒక్క ఏడాదిలోనే రెండు కోట్ల పెట్టెలు అమ్ముడుపోయాయి. ఆ పెట్టెల్లో ఒక కార్డు మీద ఒక ప్రశ్న: కొలంబో అసలు పేరేమిటి? వెనక జవాబు: ఫిలిప్.

చేప ఎరకు తగిలింది. వర్త్ 30 కోట్ల డాలర్లకు దావా వేశాడు. తన పుస్తకంలోంచి తీసుకున్నామని ఆట తయారుచేసినవాళ్లు దాచలేదు. దాని నుంచీ తీసుకున్నాం, ఇంకా చాలా పుస్తకాల నుంచీ తీసుకున్నాం అన్నారు. వాస్తవాలు ఎవరి సొత్తూ కావని కోర్టు కేసు కొట్టేసింది. ఇక్కడ ఇంకో చిక్కుముడి ఉంది. ధారావాహికలో ఒకచోట క్షణం పాటు కనిపించే కొలంబో గుర్తింపు కార్డు మీద 'ఫ్రాంక్' అని ఉంటుంది. ఇప్పటికీ ఎక్కడో ఒక పబ్బులో ఒక టేబుల్ వాళ్లు ఫిలిప్ అని రాస్తుంటారు.

మన నలుగురు మూడో వారం గట్టి చోటికే వెళ్లారు. లండన్ ఉత్తరాన హైగేట్ అనే గుట్ట మీది పేట. అక్కడ 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' అనే చిన్న పబ్బు. దాని మంగళవారం క్విజ్‌కు కఠినమని పేరు. ఎంత పేరంటే ఆ పబ్బు ప్రశ్నలతో ఏకంగా పుస్తకమే వచ్చింది. కూర్చినవాడు మార్కస్ బెర్క్‌మన్. పత్రికల్లో రాసేవాడు, అక్కడి పాత కాపు, క్విజ్ పిచ్చి మీద 1999లో 'బ్రెయిన్ మెన్' అనే పుస్తకం రాసినవాడు.

అక్కడి టేబుళ్ల దగ్గర ఏళ్ల తరబడి కలిసి ఆడుతున్న జట్లుంటాయి. బ్రిటిష్ టీవీ గురించి ప్రశ్న పడితే మనవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిందే. అక్కడివాళ్లు 1985 నుంచి 'ఈస్ట్‌ఎండర్స్' ధారావాహిక చూస్తూ పెరిగితే, వీళ్లు దూరదర్శన్‌లో 'ఋతురాగాలు' చూస్తూ పెరిగారు. కానీ 2001 కోల్‌కతా టెస్టులో వి.వి.ఎస్. లక్ష్మణ్ స్కోరు అడిగితే? పెన్ను కాగితానికి తగిలేలోపే 281. 95వ ఆస్కార్‌లో ఉత్తమ గీతం ఏది అంటే? సినిమా వాడు 'నాటు నాటు' అని రాసి పక్కన రెండు అడుగులు వేసినా వేస్తాడు.

అసలు తమాషా తెలియని ప్రశ్నల దగ్గర ఉండదు. తెలిసి కూడా రాని ప్రశ్నల దగ్గర ఉంటుంది. "అబ్బా, నాలుక మీదే ఉందే! 'మ'తో మొదలవుతుంది, మూడక్షరాలు..." అని జుట్టు పీక్కునే క్షణం. దీనిమీద 1966లోనే హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ పరిశోధన చేశారు. అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి, ఆ మాట ఏమిటో చెప్పమన్నారు. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయినవాళ్లు కూడా దాని మొదటి అక్షరాన్ని, ఎన్ని అక్షరాల మాటో తరచూ సరిగ్గానే చెప్పగలిగారు. మాట పూర్తిగా పోలేదు, తలుపు దగ్గర ఇరుక్కుంది.

అలాంటప్పుడు పక్కనున్న స్నేహితులు సాయపడతారనుకుంటాం. ఎప్పుడూ కాదు. ఒక జాబితాను నలుగురు కలిసి కూర్చుని గుర్తు తెచ్చుకుంటే ఎన్ని వస్తాయి? అదే నలుగురు విడివిడిగా రాసి తర్వాత కలిపితే ఎన్ని వస్తాయి? 1997లో ఒక అధ్యయనం ఈ రెండింటినీ పోల్చింది. విడివిడిగా రాసినవే ఎక్కువ. ఒకరు గట్టిగా 'మారిషస్!' అనగానే రెండోవారి తలలో నడుస్తున్న వరుస తెగిపోతుంది. అందుకే అనుభవమున్న జట్లలో ప్రశ్న వినగానే కాసేపు మౌనం ఉంటుంది. ఎవరికి తోచింది వాళ్లు చిన్న చీటీ మీద రాసుకుని అప్పుడు నోరు విప్పుతారు.

మన జట్టులో చిప్స్ కోసం వచ్చిన ఆమె సంగతి ఇక్కడ చెప్పాలి. మనిషి ఒంట్లో అతి చిన్న ఎముక ఎక్కడుంది? మిగతా ముగ్గురు చిటికెన వేలి దగ్గర కొట్టుకుంటున్నారు. ఆమె చిప్ నములుతూనే "చెవిలో. స్టేపిస్," అంది. ఎవరూ వినలేదు. చిటికెన వేలే రాశారు. జవాబు చదివాక బల్ల దగ్గర నిశ్శబ్దం. "అమ్మా తల్లీ, ఇక నుంచి పెన్ను నువ్వే పట్టుకో," అన్నాడు క్రికెట్ వాడు. ప్రతి జట్టులోనూ ఇలాంటి రాత్రి ఒకటి ఉంటుంది. మెల్లగా చెప్పిన సరైన జవాబు, గట్టిగా చెప్పిన తప్పు జవాబు కింద నలిగిపోయిన రాత్రి.

ఫోన్ బోర్లించమని మొదట్లోనే అన్నాం. ఎందుకో ఇప్పుడు. పబ్బు క్విజ్‌లో దొంగతనం స్మార్ట్‌ఫోన్‌తో పుట్టలేదు. 2002లోనే లండన్‌లో షాజమ్ అనే సేవ వచ్చింది. మామూలు ఫోన్‌లో 2580 నొక్కి పాట దగ్గర పెడితే, కాసేపటికి ఆ పాట పేరు మెసేజ్‌గా వచ్చేది. ఆ నంబరు ఎందుకంటే, ఫోన్ మీటల్లో నడిమి వరుస పైనుంచి కిందికి అదే. పాటల రౌండుకు ఇంతకన్నా శత్రువు ఉంటుందా? తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాక మధ్యలో బాత్రూమ్‌కు వెళ్లొచ్చినవాళ్ల ముఖాల్లో హఠాత్తుగా జ్ఞానతేజస్సు కనిపించసాగింది. దీనికి క్విజ్ మాస్టర్లు రెండు విరుగుళ్లు కనిపెట్టారు. కొందరు ఫోన్ బయటికి తీస్తే సున్నా అన్నారు. ఇంకొందరు ముల్లును ముల్లుతోనే తీశారు: జవాబు ఫోన్‌లోనే నొక్కాలి, కానీ పది సెకన్లలోపు. వెతికే టైమే ఉండదు.

మన దేశంలో క్విజ్ పబ్బులో పుట్టలేదు. 1967లో కలకత్తాలో, ఒక చర్చికి చెందిన హాల్లో, నీల్ ఒబ్రియన్ అనే విద్యావేత్త తొలి బహిరంగ క్విజ్ నడిపారు. 1972లో హైదరాబాద్‌లో 'కే సర్కిల్' మొదలైంది. దేశంలోని పాత క్విజ్ క్లబ్బుల్లో అదొకటి. అదే ఏడాది రేడియోలో 'బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్' వచ్చింది. హమీద్ సయానీ గొంతు, ఆయన తర్వాత తమ్ముడు అమీన్ సయానీ గొంతు దాన్ని ఇంటింటి కార్యక్రమం చేశాయి. 1983లో బెంగళూరులో కర్ణాటక క్విజ్ అసోసియేషన్, 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' వచ్చాయి.

చర్చి హాళ్లలో, కాలేజీల్లో పెరిగినందుకేమో మన క్విజ్ తీరే వేరు. ఇంగ్లండ్ పబ్బులో ప్రశ్న ఒక్క వాక్యం: తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. మన క్విజ్‌లలో ప్రశ్న ఒక పేరా. పొడుపుకథలాగా ఆధారాలు దాచి అల్లుతారు. జవాబు ముందే తెలియకపోయినా తర్కించుకుంటూ చేరుకోవచ్చు. ఒక జట్టు చెప్పలేకపోతే ప్రశ్న తర్వాతి జట్టుకు 'బౌన్స్' అవుతుంది. వంతు రాకముందే చెప్పే ధైర్యం ఉంటే 'పౌన్స్' చేయొచ్చు, తప్పయితే మార్కులు పోతాయి. హైదరాబాద్ కాలేజీ క్విజ్‌లలో ఆరితేరి లండన్ వెళ్లినవాళ్లు పబ్బులో మొదటిరోజు తికమకపడతారు. ప్రశ్న అప్పుడే అయిపోయిందా అని చూస్తారు.

ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు పబ్బుల్లోనూ వారం మధ్యలో ట్రివియా రాత్రులు నడుస్తున్నాయి. కారణం 1976 నాటిదే: ఖాళీ కుర్చీలు.

ఇక రెండో ప్రశ్న. 'క్విజ్' అనే మాట ఎలా పుట్టింది? డబ్లిన్‌లో డేలీ అనే నాటకశాల యజమాని, అర్థంలేని ఒక మాటను ఒక్క రోజులో ఊరంతా పలికేలా చేస్తానని పందెం కాశాడని, రాత్రికి రాత్రి గోడలన్నిటి మీదా 'క్విజ్' అని సుద్దముక్కతో రాయించాడని ఒక కథ ఉంది. 1791లో జరిగిందంటారు. మీరు ఇదే రాసి ఉంటే, పాపం, చాలామంది క్విజ్ వీరులు కూడా ఇదే రాస్తారు. కానీ ఆ మాట 1780ల తొలినాళ్లలోనే రాతల్లో కనిపిస్తోంది. అప్పట్లో 'క్విజ్' అంటే వింత మనిషి అని అర్థం. అసలు పుట్టుక ఇప్పటికీ తేలలేదు. 'తెలియదు' అని రాసినవాళ్లకే ఈ ప్రశ్నకు మార్కు. మన జట్టయితే పేరు రాస్తే చాలు.

చివరిగా టై బ్రేకర్.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో బ్రిటన్ పబ్బులన్నీ మూతబడ్డాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో డార్వెన్ అనే చిన్న ఊరు. అక్కడ జే ఫ్లిన్ అనే ఆయన పేట పబ్బులో క్విజ్ నడిపేవాడు. ఒకప్పుడు ఇల్లూ వాకిలీ లేక లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున బెంచీ మీద రెండేళ్లు పడుకున్న మనిషి. ఆ బెంచీకి ఇంటి నంబరులాగా 'మూడు, రివర్‌సైడ్ వ్యూ' అని తనే చిరునామా పెట్టుకున్నాడు. పబ్బు లేకపోయినా పాత టేబుళ్లవాళ్లు గురువారం కలుసుకోవాలని ఫేస్‌బుక్‌లో ఒక ఆహ్వానం పెట్టాడు. స్నేహితులకు మాత్రమే పెట్టాననుకున్నాడు. పొరపాటున అది అందరికీ తెరుచుకుంది. లక్షల మంది వస్తామన్నారు. ఆయన రద్దు చేయలేదు. కెమెరా ముందు కూర్చుని ప్రశ్నలు చదివాడు. వంటింట్లో, పడకగదుల్లో, ఆస్పత్రి విరామ గదుల్లో జనం కాగితాలు పట్టుకున్నారు. ఆ క్విజ్‌లు సేవాసంస్థలకు పెద్ద మొత్తంలో విరాళాలు కూడబెట్టాయి. బ్రిటన్ ప్రభుత్వం ఆయనకు ఎంబీఈ పురస్కారం ఇచ్చింది. ఏప్రిల్ 30 రాత్రి క్విజ్ గిన్నిస్ రికార్డుకెక్కింది.

ఆ రాత్రి ప్రత్యక్షంగా చూసినవారు 1,82,513 మంది. లక్షా ఎనభై రెండు వేల అయిదు వందల పదమూడు.

క్యాలెండర్ వెనక మీరు రాసిన అంకెను, పక్కవారు రాసిన అంకెను పోల్చి చూసుకోండి. దిద్దేటప్పుడు కాగితాలు మార్చుకోవడం మరిచిపోకండి.